మంత్రవిద్య అభియోగమూ, సాక్ష్య సమస్యా: ఒక అమెరికన్ టెలివిజన్ కథపై పరిశీలన

కంటికి కనిపించని హానిని గురించిన భయం మానవునికి అనాదిగా ఉన్నది. బిడ్డకు జబ్బు చేసినా, పాడి తగ్గినా, పంట ఎండిపోయినా ‘ఇది ఎందుకు జరిగింది?’ అని అడగడంతో అతడు తృప్తిపడడు. ‘ఇది ఎవరు చేశారు?’ అని కూడా అడుగుతాడు. మొదటి ప్రశ్నకు వైద్యుడో, శాస్త్రజ్ఞుడో సమాధానం వెదుకుతాడు. రెండవ ప్రశ్నకు సమాధానం చాలాసార్లు ఇరుగుపొరుగు ఇళ్లలోనే దొరుకుతుంది. ఒంటరిగా బ్రతికే ఒక వృద్ధురాలు, నోటిదురుసు గల ఒక బీదరాలు, ఊరివారితో పొత్తు కుదరని ఒక కుటుంబం ఆ సమాధానమవుతారు. మంత్రవిద్య పేర జరిగిన విచారణల చరిత్రలో అధికభాగం ఈ రెండవ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఒక టెలివిజన్ కథను ఆధారంగా తీసుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని చేతబడిని గురించిన భావాలు ఒకనాడు పెద్దల నోటి కథల ద్వారా ఏ విధంగా వ్యాపించేవో, నేడు తెరమీది కథల ద్వారా అదే విధంగా వ్యాపిస్తున్నాయి. కథ వినోదం కోసమే కావచ్చు. అయినా దేనిని సాక్ష్యంగా ఎంచాలో, ఎవరిని అనుమానించాలో అది చూచేవారికి తెలియకుండానే నేర్పుతుంది. కనుక అటువంటి కథను నిదానంగా పరిశీలించడం వ్యర్థం కాదు.

కథాంశం

‘ది ఎక్స్-ఫైల్స్’ అనే ధారావాహిక 1993లో అమెరికాలోని ఫాక్స్ టెలివిజన్‌లో ప్రారంభమై 2002 వరకు సాగింది. 2016, 2018 సంవత్సరాలలో మరికొన్ని భాగాలు వచ్చాయి. దీని సృష్టికర్త క్రిస్ కార్టర్. ఎఫ్.బి.ఐ. అనే కేంద్ర దర్యాప్తు సంస్థకు చెందిన ఇద్దరు అధికారులు ఇందులోని ప్రధాన పాత్రలు. మల్డర్ అనే అధికారి లోకం నమ్మని వింతలను నమ్మడానికి సిద్ధంగా ఉంటాడు. స్కల్లీ అనే అధికారిణి వైద్యశాస్త్రం చదివినది. ప్రతిదానికి ఆధారం అడుగుతుంది.

ఈ ధారావాహిక రెండవ సంవత్సరపు కథలలో ఒకటి 1995 జనవరి 27న ప్రసారమైంది. దాని పేరు జర్మన్ భాషలో ‘డై హాండ్ డై ఫెర్లెట్స్ట్’, అనగా ‘గాయపరచే చేయి’. గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ రచించగా కిమ్ మానర్స్ దర్శకత్వం వహించాడు. కథ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మిల్‌ఫర్డ్ హేవెన్ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది.

పట్టణంలోని ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘం సమావేశమవుతుంది. పిల్లలు వేయవలసిన నాటకం తగినదా కాదా అని పెద్దలు వాదించుకుంటారు. సమావేశాంతంలో ప్రార్థన చేద్దామంటాడు ఒకడు. తలుపులు మూస్తారు, దీపాలు ఆర్పుతారు. ఆ ప్రార్థన దేవునికి కాదు, చీకటి శక్తులకు అని ప్రేక్షకునికి అప్పుడు తెలుస్తుంది. చూడడానికి మర్యాదస్తులైన ఆ పెద్దలు తరతరాలుగా సైతానును కొలిచే కుటుంబాలవారు.

ఒకనాటి రాత్రి కొందరు విద్యార్థులు అడవిలోకి పోయి, సరదాకు మంత్రాల పుస్తకం చదువుతారు. మరునాడు వారిలో ఒక బాలుడు శవమై కనిపిస్తాడు. దర్యాప్తుకు వచ్చిన అధికారుల ముందు ఆకాశం నుంచి కప్పలు వర్షంలా కురుస్తాయి. ఇంతలో పాఠశాలకు తాత్కాలిక ఉపాధ్యాయినిగా మిసెస్ పాడక్ అనే స్త్రీ వస్తుంది. అనర్థాలన్నీ ఈమె వల్లనే జరుగుతున్నవని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. సైతాను సేవలో అశ్రద్ధ చూపిన ఊరిపెద్దలను శిక్షించడానికే ఆమె వచ్చింది. చివరకు పెద్దలు తమలో తామే కాల్చుకొని చస్తారు. ఆమె నల్లబల్లమీద అధికారులకు వీడ్కోలు వ్రాసి మాయమవుతుంది.

భక్తిలో తమకు అనుకూలమైనదాన్ని ఉంచుకొని, కష్టమైనదాన్ని వదలిపెట్టే పెద్దమనుషులను రచయితలు హాస్యంగా ఎత్తిపొడిచారు. ఆ వ్యంగ్యం సైతాను భక్తులకే పరిమితమైనది కాదని పాఠకులు సులభంగా గ్రహించగలరు. కాని ఇక్కడ ప్రస్తుతాంశం అది కాదు. ఈ కథ మధ్యభాగంలో ఒక బాలిక ఇచ్చిన వాఙ్మూలం ఉన్నది. దానిని ఏ విధంగా పరీక్షించాలన్నదే అసలు సమస్య.

కథలోని సందేహం, దాని వెనుకనున్న వాస్తవం

పాఠశాల ప్రయోగశాలలో పందిపిల్లను కోస్తున్న ఒక విద్యార్థిని హఠాత్తుగా కేకలు వేసి కూలిపోతుంది. తరువాత అధికారులతో మాట్లాడుతూ, చిన్ననాటి నుంచి తనను క్షుద్రపూజలకు తీసుకొనిపోయారనీ, అక్కడ శిశువులను బలి ఇచ్చారనీ చెబుతుంది. ఇన్నాళ్లు మరచిపోయిన ఈ సంగతులు ఇప్పుడు జ్ఞాపకం వచ్చాయంటుంది. అప్పుడు అధికారుల సంభాషణలో ఒక ముఖ్యమైన ప్రశ్న వస్తుంది. క్షుద్రపూజల ముఠాలకు అంటగట్టిన హత్యలన్నీ నిజమే అయితే, వేలాది మంది కలిసి ఏటా వేలకు వేల మందిని చంపుతూ, ఒక్క ఆధారం కూడా మిగల్చకుండా, ఒక్కరూ బయటపడకుండా ఉండవలసివస్తుంది. అది సాధ్యమా?

ఈ ప్రశ్న రచయితల కల్పన కాదు. అప్పటికి పదిహేనేళ్లుగా అమెరికా సమాజం ఇదే ప్రశ్నతో సతమతమవుతూ వచ్చింది. 1980లో ఒక మానసిక వైద్యుడు, అతని వద్ద చికిత్స పొందిన స్త్రీ కలిసి ఒక పుస్తకం ప్రచురించారు. బాల్యంలో సైతాను ఆరాధకుల చేతిలో ఆమె పడిన బాధలు చికిత్స సమయంలో గుర్తుకు వచ్చాయని అందులో వ్రాశారు. ఆ వ్రాతకు బలమైన ఆధారాలేవీ తరువాతి పరిశీలనలో దొరకలేదు. కాని ఈలోగా అది వేలాదిమంది చేతుల్లోకి పోయింది. చికిత్సకులు, పోలీసులు, సంఘసేవకులు అటువంటి గుర్తుల కోసం వెదకడం మొదలుపెట్టారు. వెదికినవారికి అవి కనిపించసాగాయి.

1983లో కాలిఫోర్నియాలోని మాక్‌మార్టిన్ అనే శిశుపాఠశాలమీద ఒక ఫిర్యాదు వచ్చింది. పోలీసులు తల్లిదండ్రులందరికీ ఉత్తరాలు వ్రాసి, పిల్లలను ప్రశ్నించమని కోరారు. తరువాత వందలాది పిల్లలను ఒక సంస్థవారు ప్రశ్నించారు. ‘ఇతర పిల్లలు చెప్పారు, నీవు కూడా తెలివైనవాడవు కదా’ అన్న ధోరణిలో ప్రశ్నలు సాగాయి. భూమిలోని సొరంగాలు, జంతుబలులు, ఆకాశంలో ఎగిరే మంత్రగత్తెలు పిల్లల మాటలలో చోటుచేసుకున్నాయి. ఏడేళ్లు గడిచి, సుమారు ఒకటిన్నర కోట్ల డాలర్లు ఖర్చయిన తరువాత, 1990లో ఆ వ్యవహారం ఒక్క నేరమైనా రుజువు కాకుండానే ముగిసింది. ఈలోగా నిందితులలో ఒకడు అయిదు సంవత్సరాలు జైలులో గడిపాడు.

టెక్సాస్ రాష్ట్రంలో శిశుసంరక్షణాలయం నడిపే దంపతులకు ఇటువంటి అభియోగాలమీద 1992లో శిక్ష పడింది. వారు 2013లో విడుదలయ్యారు. 2017లో నిర్దోషులని అధికారికంగా ప్రకటింపబడ్డారు. ఇరవై ఒక్క సంవత్సరాల జైలు జీవితం తిరిగి ఇవ్వగలిగే న్యాయస్థానం ఏదీ లేదు.

ఎఫ్.బి.ఐ.లో ఇటువంటి నేరాలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధికారి కెనెత్ లానింగ్. ఈ ఆరోపణలు మొదట విన్నప్పుడు ఆయన కొట్టివేయలేదు, నమ్మడానికే మొగ్గుచూపాడు. కాని కేసు తరువాత కేసు చూచినకొద్దీ శవాలుగాని, ఎముకలుగాని, రక్తపు మరకలుగాని, ముఠానుంచి విడిపోయి ఆధారం చూపినవాడుగాని కనిపించలేదు. 1992లో ఆయన పరిశోధకుల కొరకు ఒక మార్గదర్శిక వ్రాసి, వ్యవస్థీకృతమైన సైతాను హత్యల ముఠాలకు ఆధారం లేదని స్పష్టం చేశాడు. టెలివిజన్ కథలో స్కల్లీ తమ సంస్థవారి అధ్యయనాన్ని ప్రస్తావించినప్పుడు వినిపించేది ఈ వాస్తవపు ప్రతిధ్వనే.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వరాదు. పిల్లలపై అత్యాచారాలు నిజంగా జరుగుతున్నాయి. వాటిలో అధికభాగం జరిగేది అడవిలో క్షుద్రపూజల నడుమ కాదు; ఇంట్లోనో, తెలిసినవారి వద్దనో, మామూలు మనుషుల చేతనే. కల్పిత ముఠాల కోసం వెదకడం వల్ల కలిగిన నష్టం నిర్దోషులకు మాత్రమే కాదు. నిజంగా బాధపడిన పిల్లల మాటకు కూడా విలువ తగ్గింది.

జ్ఞాపకం ఎంతవరకు సాక్ష్యం?

బాలిక అబద్ధమాడుతున్నదా? కథలో ఈ ప్రశ్న రాదు. ఆమె కన్నీరు నిజమైనదే. వాస్తవ జీవితంలో కూడా ఇటువంటి వాఙ్మూలాలు ఇచ్చిన వారిలో అనేకులు తాము చెప్పేది నిజమని మనసారా నమ్మినవారే. చిక్కు ఇక్కడే ఉన్నది. చిత్తశుద్ధి వేరు, సత్యం వేరు.

జ్ఞాపకం పెట్టెలో దాచిన వస్తువువంటిదని సాధారణంగా భావిస్తారు. తాళం తీస్తే పెట్టిన వస్తువు పెట్టినట్లే దొరుకుతుందని వారి అభిప్రాయం. మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు దీనిని సమర్థించలేదు. ఎలిజబెత్ లాఫ్టస్ అనే శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి, ఈ టెలివిజన్ కథ ప్రసారమైన 1995వ సంవత్సరంలోనే ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించింది. 24 మందికి వారి బాల్యానికి చెందిన నాలుగు సంఘటనలు చెప్పారు. మూడు నిజమైనవి, బంధువులు చెప్పినవి. నాల్గవది కల్పితం: అయిదేళ్ల వయసులో పెద్ద దుకాణాల సముదాయంలో తప్పిపోయి ఏడుస్తుంటే ఒక వృద్ధ వ్యక్తి చేరదీశాడని. వారిలో నాల్గవ వంతు మంది ఈ జరగని సంఘటన తమకు కొంతగానో, పూర్తిగానో గుర్తున్నదని చెప్పారు.

ఒక్క ఉదాహరణతో మానవ జ్ఞాపకమంతా కొట్టివేయనవసరం లేదు. కాని వశీకరణ నిద్రలోనో, పదేపదే అడిగిన ప్రశ్నల ఒత్తిడిలోనో వెలువడిన జ్ఞాపకానికి బయటినుంచి మరొక ఆధారం కావాలనడానికి ఇది చాలు. అధికారి, వైద్యుడు, తల్లి, తండ్రి, ఎవరైనా సరే, తాము ముందే నమ్మినదాన్ని ప్రశ్నలో చొప్పించి అడిగితే, సమాధానంలో తమ మాటే తిరిగి వింటారు.

నీటి సుడి చెప్పిన సాక్ష్యం

బాలిక జ్ఞాపకం లోపలి సాక్ష్యం. బయటి సాక్ష్యం కూడా ఎంత సులభంగా తప్పుదారి పట్టించగలదో ఇదే కథలో ఒక చిన్న ఘట్టం చూపుతుంది. పాఠశాలలో త్రాగునీటి తొట్టి దగ్గర మల్డర్ ఆగి, నీరు గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో సుడి తిరుగుతూ పోవడం గమనిస్తాడు. ఉత్తరార్ధగోళంలో కొరియోలిస్ బలం వల్ల నీరు ముళ్ల దిశలో తిరగాలనీ, ఇక్కడ ఏదో శక్తి ప్రకృతి నియమాన్ని తారుమారు చేస్తున్నదనీ సూచిస్తాడు. ప్రేక్షకుడికి ఒళ్లు జలదరిస్తుంది.

ఈ వాదన రెండు విధాల తప్పు. కొరియోలిస్ ప్రభావమంటే భూభ్రమణం వల్ల చలించే గాలికి, నీటికి కలిగే మళ్లింపు. ఉత్తరార్ధగోళంలో తుఫానులు ముళ్లకు వ్యతిరేక దిశలోనే తిరుగుతాయి. బంగాళాఖాతపు తుఫాను చిత్రాన్ని చూచిన తెలుగు పాఠకులకు ఇది తెలిసినదే. కనుక ఆ బలం తొట్టిలో పనిచేస్తే నీరు మల్డర్ చూచిన దిశలోనే తిరగాలి. ఇక రెండవది, తొట్టివంటి చిన్న పాత్రలో ఆ బలం ఎంత స్వల్పమంటే, పాత్ర ఆకారం, నీరు పోసినప్పటి కదలికలే దిశను నిర్ణయిస్తాయి. 1962లో అమెరికాకు చెందిన అషర్ షపీరో అనే శాస్త్రజ్ఞుడు ఆరడుగుల వెడల్పు గల గుండ్రని తొట్టిలో నీరు నింపి, అది పూర్తిగా నిశ్చలమయ్యేందుకు 24 గంటలు ఆగి, ఆ తరువాతనే నెమ్మదిగా వదిలాడు. అంత జాగ్రత్త తీసుకున్నప్పుడు మాత్రమే భూభ్రమణ ప్రభావం కనిపించింది. అదీ ముళ్లకు వ్యతిరేక దిశలోనే.

చిన్న పొరపాటే. అయినా ఇందులో పెద్ద పాఠం ఉన్నది. అధికారి హోదా, శాస్త్రపరిభాష, నిండైన ఆత్మవిశ్వాసం మూడూ ఒకచోట చేరితే మామూలు నీటి సుడి కూడా మంత్రవిద్యకు సాక్ష్యమవుతుంది. ఊరిలో ఎవరో నిందితులున్నారని ముందే నిశ్చయించుకున్నవానికి ప్రతి సంఘటన ఋజువుగానే కనిపిస్తుంది.

సేలం, హాంప్టన్

కథకు న్యూ హాంప్‌షైర్‌ను ఎన్నుకోవడంలో అర్థమున్నది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల చిన్న పట్టణాలకూ మంత్రగత్తెల కథలకూ ఉన్న సంబంధం 17వ శతాబ్దం నాటిది. ఆ చరిత్రను చూస్తే కథకూ వాస్తవానికీ ఉన్న అంతరం తెలుస్తుంది.

న్యూ హాంప్‌షైర్ తీరంలోని హాంప్టన్ అనే ఊరు అప్పట్లో మసాచుసెట్స్ పాలనలో ఉండేది. ఆ ఊరిలో యూనిస్ కోల్ అనే స్త్రీపై 1656లో మంత్రవిద్య అభియోగం వచ్చింది. ఆమె బీదది, సంతానం లేనిది, ఇరుగుపొరుగుతో తగాదాలు పడేది. పశువులు చచ్చినా, పిల్లలకు జబ్బు చేసినా ఆమె పేరే వినిపించేది. ఆమెను కొరడాలతో కొట్టి, బోస్టన్ కారాగారంలో ఏళ్ల తరబడి ఉంచారు. ఆ తరువాత కూడా అభియోగాలు ఆగలేదు. 1938లో హాంప్టన్ ప్రజలు తమ ఊరు వెలసిన 300వ సంవత్సరాన్ని జరుపుకొంటూ, ఆమె నిర్దోషి అని, ఆమెకు పౌరసభ్యత్వం తిరిగి ఇస్తున్నామని తీర్మానించారు. ఆ తీర్మానం నాటికి ఆమె చనిపోయి రెండున్నర శతాబ్దాలు దాటింది.

మసాచుసెట్స్‌లోని సేలం గ్రామంలో 1692లో జరిగినది మరింత ఘోరం. మతబోధకుడు శామ్యూల్ పారిస్ ఇంటిలోని బాలికలకు వింత మూర్ఛలు వచ్చాయి. ఎవరు బాధిస్తున్నారని పెద్దలు అడిగారు. పేర్లు బయటికి వచ్చాయి. నెలలు గడిచేసరికి నూటయాభై మందికి పైగా నిందితులయ్యారు. 19 మందిని ఉరితీశారు. సమాధానమివ్వ నిరాకరించిన జైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి రాళ్ల బరువుతో నొక్కి చంపారు. మరికొందరు జైలులోనే మరణించారు.

ఈ తీర్పులకు ముఖ్యాధారమైన సాక్ష్యాన్ని ‘ఛాయాసాక్ష్యం’ అనవచ్చు. నిందితురాలు శరీరంతో తన ఇంటనే ఉన్నా, ఆమె ఛాయారూపం వచ్చి తమ గొంతు నులిమిందని బాధితులు చెప్పేవారు. ఆ ఛాయ సాక్షికి తప్ప మరెవ్వరికీ కనిపించదు. దానిని ఖండించడానికి ఏ మార్గమూ లేదు. తాను ఇంట్లోనే ఉన్నానని నిందితురాలు ఋజువు చేసినా ప్రయోజనం లేదు. వచ్చినది ఛాయే కదా!

రెబెక్కా నర్స్ అనే 71 సంవత్సరాల వృద్ధురాలు భక్తురాలిగా పేరుపొందినది. అనేకమంది ఆమె పక్షాన సంతకాలు చేశారు. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అన్నది. న్యాయస్థానంలో బాధితులు కేకలు వేశారు. ఆమె అంతకుముందు అన్న ఒక మాటను మరల ఆలోచించమని న్యాయమూర్తి జ్యూరీని కోరాడు. జ్యూరీ ఆమెను వివరణ అడిగింది. ఆమె వినికిడి శక్తి తగ్గినది. ప్రశ్న సరిగా వినలేదు, సమాధానం చెప్పలేదు. ఆ మౌనమే నేరమైంది. 1692 జులై 19న ఆమెను ఉరితీశారు.

అదే సంవత్సరం అక్టోబరులో ఇంక్రీజ్ మాథర్ అనే ప్రముఖ మతాచార్యుడు ఛాయాసాక్ష్యాన్ని విమర్శిస్తూ వ్రాశాడు. ఒక నిర్దోషి శిక్ష పొందడంకన్నా అనుమానితులైన పదిమంది తప్పించుకొనిపోవడమే మేలని ఆయన వాదించాడు. గమనించవలసినదేమంటే, మాథర్ మంత్రవిద్యను నమ్మనివాడు కాదు. నమ్ముతూనే, ఈ సాక్ష్యం చెల్లదన్నాడు. గవర్నరు ఫిప్స్ ఆ న్యాయస్థానాన్ని రద్దు చేశాడు. 1693లో కొత్త న్యాయస్థానం ఛాయాసాక్ష్యాన్ని పక్కనపెట్టగానే నిందితులలో దాదాపు అందరూ విడుదలయ్యారు. 1697లో న్యాయమూర్తులలో ఒకడైన శామ్యూల్ సీవల్ ప్రార్థనామందిరంలో సభ ముందు నిలబడి తన అపరాధాన్ని ఒప్పుకున్నాడు.

నమ్మకం, ఋజువు: ముస్లిం న్యాయవేత్తల దృష్టి

మంత్రవిద్య ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఒకటి, ఫలానా వ్యక్తి దానిని చేశాడా అన్న ప్రశ్న మరొకటి. మాథర్ గ్రహించిన ఈ భేదం ముస్లిం న్యాయవేత్తల గ్రంథాలలో అంతకు శతాబ్దాల ముందే కనిపిస్తుంది.

దివ్య ఖుర్ఆన్‌లో ‘సిహ్ర్’ ప్రస్తావన పలుచోట్ల ఉన్నది. బాబిలోనులోని హారూత్, మారూత్‌ల వృత్తాంతం, మూసా ప్రవక్తతో తలపడిన ఫిరౌను మాంత్రికుల వృత్తాంతం పాఠకులకు సుపరిచితమే. వీటి వ్యాఖ్యానంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. క్రీ.శ. 981లో మరణించిన హనఫీ విద్వాంసుడు అబూబక్ర్ అల్‌జస్సాస్, ముఅతజిలా పండితులు దీనిని ప్రధానంగా కనికట్టు, మోసం, కల్పన అని భావించారు. అధికసంఖ్యాకులైన సున్నీ పండితులు దానికి దైవాజ్ఞకు లోబడిన వాస్తవ ప్రభావం ఉన్నదని అన్నారు. ఇబ్న్ ఖల్దూన్ కూడా ఈ రెండవ వర్గంలోనివాడే.

కాని ప్రభావాన్ని నమ్మినవారిలో కూడా ఋజువు విషయంలో గట్టి జాగ్రత్త కనిపిస్తుంది. మంత్రవిద్యతో హత్య జరిగిందన్న అభియోగం సాక్షుల మాటతో ఋజువు కాదనీ, నిందితుడు తానే ఒప్పుకోవాలనీ షాఫయీ న్యాయగ్రంథాలు చెప్పాయి. దానికి అవి చూపిన కారణం గమనార్హం. సాక్షి తాను చూచినదానికే సాక్ష్యం చెప్పగలడు. మాంత్రికుని మనసులోని సంకల్పాన్నిగాని, మంత్రం ఫలించిన తీరునుగాని ఏ సాక్షీ చూడలేడు. చూడలేనిదానికి సాక్ష్యం చెల్లదు. సేలంలో లేకపోయినది సరిగా ఈ సూత్రమే.

ఒప్పుకోలు కూడా నిర్బంధం లేకుండా ఇచ్చినదై ఉండాలన్నది అధికసంఖ్యాకులైన న్యాయవేత్తల అభిప్రాయం. ఈ షరతు ఎంత అవసరమో సేలం చరిత్రే చెబుతుంది. అక్కడ నేరం ఒప్పుకొని ఆ మాటమీద నిలిచినవారికి ప్రాణం దక్కింది, కాదన్నవారు ఉరికంబమెక్కారు. ప్రాణం కోసం ఒప్పుకున్నవారు ఇతరుల పేర్లు కూడా చెప్పవలసివచ్చింది. అటువంటి ఒప్పుకోలు సత్యాన్ని వెల్లడించదు, భయాన్ని మాత్రమే వెల్లడిస్తుంది.

ముస్లిం సమాజాలు ఈ పొరపాటుకు అతీతమని చెప్పడం న్యాయం కాదు. పలువురు న్యాయవేత్తలు మాంత్రికునికి మరణశిక్షవరకు సూచించారు. 2011లో సౌదీ అరేబియాలో ఒక పురుషునికి, ఒక స్త్రీకి ఈ అభియోగంపై మరణశిక్ష అమలుచేశారు. విచారణ జరిగిన తీరును మానవహక్కుల సంస్థలు తీవ్రంగా విమర్శించాయి. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోవాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ ఖుర్ఆన్ 49వ అధ్యాయం విశ్వాసులకు చేసిన హెచ్చరిక పొరుగువారికే కాదు, న్యాయమూర్తికి కూడా వర్తిస్తుంది.

కెమెరా చూపిన ఛాయ

ఇప్పుడు తిరిగి టెలివిజన్ కథకు వస్తే, దానిలోని అసలు చమత్కారం బోధపడుతుంది. కథలోని అధికారులు సందేహిస్తారు. వారి సందేహం సరియైనదే. కాని ప్రేక్షకుడు సందేహించనవసరం లేదు. మూసిన తలుపుల వెనుక ప్రార్థనను అతడు చూచాడు. ఉపాధ్యాయిని బల్లసొరుగులో దాచినదాన్ని చూచాడు. అధికారులకు కనిపించనిది కెమెరా అతనికి చూపింది. సేలం బాలికలు తమకు మాత్రమే కనిపించిన ఛాయను గురించి చెప్పారు. ఇక్కడ ఆ ఛాయను లక్షలాదిమందికి ఒకేసారి చూపించారు. కథలో ఊరిపెద్దలు నిజంగానే దోషులు. కనుక అనుమానించినవాడే గెలిచాడు, ఆధారం అడిగినవారు ఆలస్యం చేసినవారయ్యారు.

కథకునికి ఈ స్వేచ్ఛ ఉన్నది. దానిని తప్పుపట్టనవసరం లేదు. పైగా ఈ రచయితలు బలమైన సందేహాన్ని పాత్రల నోట పలికించారు. అప్పటి భయోత్పాతంలో అది మెచ్చుకోదగినదే. అయితే తెరముందునుంచి లేచి వీధిలోకి వచ్చిన మనిషికి ఆ కెమెరా లేదు. పొరుగింటి మూసిన తలుపు వెనుక ఏమున్నదో అతనికి తెలియదు. అతని వద్ద ఉన్నది వదంతి, తన భయం, జబ్బుపడిన తన బిడ్డ మాత్రమే.

ఈ విషయం దూరదేశాలకు పరిమితమైనది కాదు. బాణామతి, చేతబడి అన్న మాటలు తెలుగు గ్రామాలలో నేటికీ మనుషుల ప్రాణాలు తీస్తున్నాయి. చేతబడి చేశారన్న అనుమానంతో వృద్ధులను, దంపతులను కొట్టిచంపిన వార్తలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. జాతీయ నేర గణాంక సంస్థ తన వార్షిక నివేదికలలో మంత్రవిద్యను హత్యాకారణాలలో ఒకటిగా విడిగా చూపుతున్నది. అక్కడ జ్యూరీ లేదు, గవర్నరు లేడు, మూడువందల ఏళ్ల తరువాత తీర్మానం చేసేవారు కూడా లేరు. జ్వరం వచ్చిన బిడ్డను మొదట ఆసుపత్రికి తీసుకొనిపోవడం, నిందపడినవారిని గుంపు చేతికి చిక్కకుండా కాపాడడం, ‘నీవు స్వయంగా ఏమి చూచావు?’ అని అడగడం ప్రతి ఊరిపెద్ద, ప్రతి ఉపాధ్యాయుడు, ప్రతి ఇమామ్, పూజారి, పాస్టరు చేయగలిగిన పని.

టెలివిజన్ కథలో సైతాను పాఠశాలలోకి వచ్చి, వీడ్కోలు నల్లబల్లమీద వ్రాసి వెళ్లింది. వాస్తవంలో మరొక పాఠశాల కథ ఉన్నది. సేలం వ్యవహారంలో 1693లో దోషిగా నిర్ణయింపబడి, ఉరి తప్పించుకున్న ఎలిజబెత్ జాన్సన్ అనే యువతి పేరు తరువాతి నిర్దోషుల పట్టికలన్నింటిలోను విడిచిపోయింది. ఆమె తరఫున అడగడానికి సంతానం లేదు. మసాచుసెట్స్‌లోని నార్త్ ఆండోవర్ పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు పౌరశాస్త్రపు పాఠంలో భాగంగా ఆమె సంగతి చదివి, పాత పత్రాలు పరిశీలించి, శాసనసభ్యులకు విజ్ఞప్తులు వ్రాశారు. 2022లో రాష్ట్రప్రభుత్వం ఆమె నిర్దోషి అని శాసనపూర్వకంగా ప్రకటించింది. పెద్దల న్యాయస్థానం ఒకనాడు పిల్లల కేకలు విని చేసిన తప్పును, 329 సంవత్సరాల తరువాత పిల్లలు కాగితాలు చదివి దిద్దించారు.